సెన్షర్ అను మాట
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఇంతకు ముందే సిద్ధాంతిగారు పంచాంగశ్రవణం చేసి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అంకెలతో సహా చదివి వినిపించినారు. అందరూ మొదటి మూడు అంకెలు చెవి ఒగ్గి విన్నారు. నాలుగవది వచ్చేసరికి పక్కవారితో మాటలలో పడినారు. మేము మాట్లాడబోయేది ఆ నాలుగవ అంకెను గురించే. రాజుగారి తరఫున జరిగే అవమానానికి ఇంగ్లీషులో ఒక మాట ఉన్నది. దాని పేరు సెన్షర్.

ఇంగ్లీషు మాట మీద ఉగాదినాడు ఉపన్యాసమేమిటని కొందరు పెదవి విరవవచ్చు. అట్లా పెదవి విరవడం కూడా మా విషయంలోకే వస్తుంది గనుక మాకు అభ్యంతరం లేదు. అసలు సంగతి ఏమంటే, మన షోలాపూరు తెలుగు కుటుంబాలు మగ్గాలను నమ్ముకొని వచ్చినవి. తాతలు చేమగ్గం, తండ్రులు పవర్‌లూము, ఆ తరువాతి తరంలో కొందరు ప్రభుత్వోద్యోగం. ఆ ఉద్యోగాలలో ఇంటికి వచ్చే కాగితాలు ఇంగ్లీషులోనో మరాఠీలోనో వస్తవి. వాటిలో ఒక్క మాట అర్థం కాకపోతే ఏమవుతుందో మాకు స్వయంగా తెలుసు. అది తరువాత చెబుతాము.

ముందు ఉచ్చారణ. ఈ మాటను చాలామంది సెన్సార్ అని పలుకుతారు. అది తప్పు. ప్రెషర్ అన్నప్పుడు చివర ఎట్లా పలుకుతామో, ఇక్కడ కూడా అట్లాగే పలకవలెను: సెన్షర్. సెన్సార్ వేరు. సినిమాకు కత్తెర వేసేది సెన్సార్. ఆ బోర్డు పేరును 1983లోనే ధ్రువీకరణ బోర్డుగా మార్చినారు గాని, జనం నోట ఇప్పటికీ అది సెన్సారు బోర్డే. జనాభా లెక్క సెన్సస్. 1881 నుంచి 2011 వరకు పదేండ్లకొకసారి తప్పకుండా జరిగినది. 2021లో జరగవలసినది మాత్రం వాయిదా పడినది. ఇవి చాలవన్నట్టు చర్చీలలో సాంబ్రాణి ధూపం వేసే గొలుసుల పాత్రను కూడా సెన్సర్ అనే అంటారు. ఈ చివరిదానికి తక్కినవాటితో చుట్టరికం లేదు. అది ధూపానికి సంబంధించిన మాట నుంచి పుట్టినది. కాని సెన్షర్, సెన్సార్, సెన్సస్ మూడూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి లాటిను భాషలోని ఒక క్రియ. దాని అర్థం విలువ కట్టడం, మదింపు చేయడం.

ఆ కథ రోము నగరంలో మొదలవుతుంది. క్రీస్తుకు పూర్వం 443వ సంవత్సరంలో రోమనులు సెన్సార్ అనే అధికారపదవిని ఏర్పరచినారు. ఇద్దరు సెన్సార్లు ఉండేవారు. సుమారు ఐదేండ్లకొకసారి ఎన్నికై, పద్దెనిమిది నెలలు ఆ పదవిలో ఉండేవారు. వారి మొదటి పని ప్రజలను లెక్కించడం, ఎవరికెంత ఆస్తి ఉన్నదో వ్రాసుకోవడం. అంతటితో ఆగితే మన తలాటి పనిలాగే ఉండేది. కాని పట్టీలో పేరు వ్రాస్తూ, ఆ మనిషి నడవడి కూడా చూసేవారు. నడవడి బాగుండకపోతే పేరు పక్కన ఒక గుర్తు పెట్టేవారు. గుర్తు పెట్టినవాడికి జైలు లేదు, జరిమానా లేదు, కొరడాదెబ్బలు లేవు. మర్యాద పోయేది, అంతే. సెనేటు సభ్యుడైతే సభలో చోటు కూడా పోయేది. ఇద్దరు సెన్సార్లూ ఒప్పుకొంటేనే ఆ గుర్తు నిలిచేది. తరువాత వచ్చిన సెన్సార్లకు దానిని తీసివేసే అధికారముండేది.

క్రీస్తుకు పూర్వం 184లో కేటో అనే ఆయన సెన్సార్ అయినాడు. ఆయన పేరు చెబితే రోమనులు రెండువందల ఏండ్ల తరువాత కూడా వెన్ను నిటారుగా పెట్టుకొనేవారట. అంతకు ఎనిమిదేండ్ల క్రితం కాన్సలుగా పనిచేసిన లూషియస్ ఫ్లామినినస్ అనే పెద్దమనిషి, విందులో తన ముద్దుల స్నేహితుని వినోదం కోసం ఒక మనిషిని చంపించినాడని తెలిసి, అతనిని సెనేటు నుంచి తీసివేసినాడు. ఇది అందరూ మెచ్చుకోదగిన పనే. కాని ఆ కేటోయే మరొక సెనేటరును, పట్టపగలు కూతురి యెదుట భార్యను కౌగిలించుకొన్నాడన్న నేరానికి తీసివేసినాడని ప్లూటార్క్ వ్రాసినాడు. నరహత్యకూ అదే గుర్తు, భార్యను ముద్దాడడానికీ అదే గుర్తు! తప్పుపట్టే అధికారం చేతికి వచ్చినవాడు పెద్ద తప్పును, చిన్న తప్పును ఒకే కలంతో వ్రాస్తాడన్న భయం ఆనాటి నుంచీ ఉన్నదే.

ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో సెన్షర్ అంటే తీర్పు, అభిప్రాయం అనే అర్థం కూడా ఉండేది. హామ్లెట్ నాటకంలో పొలోనియస్ ప్రయాణమవుతున్న కొడుక్కి బుద్ధులు చెప్పేచోట ఈ మాట ఆ అర్థంలోనే వస్తుంది. కళాశాల పిల్లలు అక్కడ నేటి అర్థం పెట్టి తికమకపడుతుంటారు. తరువాత మంచి అభిప్రాయమనే సగం రాలిపోయి, చెడు అభిప్రాయమనే సగం మిగిలినది. ఇది లోకంలో కొత్త కాదు. మన 'వాసన' అన్న మాటకు జరిగినదీ కొంత ఇటువంటిదే గదా! 'అదేమి వాసనమ్మా' అంటే ఎవరూ మల్లెపూలను తలచుకోరు.

ఇప్పుడు దీనిని తెలుగులో ఏమనవలెను? మనకు తప్పుపట్టే మాటలకు కరువు లేదు. చీవాట్లు పెడతాము, గడ్డి పెడతాము, తలంటు పోస్తాము, అక్షింతలు వేస్తాము. పెండ్లిలో వేసేవీ అక్షింతలే, పై అధికారి గదిలో పడేవీ అక్షింతలే. ఇతర భాషలవారికి ఇది చెబితే నవ్వి నమ్మరు. ముక్కున వేలు వేసుకొంటాము, నొసలు చిట్లిస్తాము. అత్తగారైతే ఎత్తిపొడుస్తుంది, మామగారైతే గొంతు సవరించుకొని ఊరుకొంటాడు. ఇవేవీ సెన్షర్ కావు. ఇవన్నీ నోటితోనో కంటితోనో అయిపోయి, సాయంకాలానికి చల్లారేవి. సెన్షర్ అంటే అధికారం గలవారు, పద్ధతి ప్రకారం, కారణం చూపి, నలుగురికీ తెలిసేటట్టు తప్పుపట్టి కాగితం మీదకెక్కించడం. ఆ కాగితమే దాని ప్రాణం.

నింద అంటే సరిపోదు. నిందలో నిజముండవలెనన్న నియమం లేదు. చవితి చంద్రుని చూసిన పాపానికి శ్రీకృష్ణుడంతటివాడికే శమంతకమణి దొంగ అన్న నీలాపనింద తప్పలేదు. ఖండన అంటే ఒక అభిప్రాయాన్ని కాదనడం. మదరాసులో ఉన్న మన బంధువులు మాత్రం తమిళం అలవాటు చొప్పున అన్నింటికీ కండనం అనే అంటారు. నిరసన అన్న మాట ఈ మధ్య జెండాలు పట్టుకొని వీధిలోకి వెళ్ళినది. కండెమ్ అన్న ఇంగ్లీషు మాట మన కార్యాలయాలలో పాత జీపులకు, విరిగిన కుర్చీలకు వాడుతున్నాము గనుక దానిని మనుషులకు వాడకుండా ఉంటే మంచిది.

చట్టసభల తెలుగులో అభిశంసన అంటున్నారు. ఈ మాట మాకు నచ్చినది. ప్రశంసలో ఉన్న శంస, అభిశంసలోనూ ఉన్నది. ధాతువు ఒక్కటే, ముందు చేరిన ఉపసర్గను బట్టి పొగడ్త తెగడ్తగా మారినది. కాని ఇంట్లో పలకడానికి ఇది బరువు. కన్నడ దేశంలో ఉద్యోగుల నిబంధనలలో వాగ్దండనె అంటారు. ఇది ఇంకా పాతమాట. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో రాజు వేయదగిన శిక్షలు నాలుగు మెట్లుగా ఉన్నవి. మొదట వాగ్దండం, తరువాత ధిగ్దండం, మూడవది ధనదండం, ఆ పైన వధదండం. మాటతో మందలించడం, ఛీ అనడం, సొమ్ము గుంజడం, ఒంటి మీద దెబ్బ వేయడం. మనువు చెప్పినవన్నీ మేము తలకెత్తుకొంటామని ఎవరూ అనుకోవద్దు. మాటను కూడా శిక్షల వరుసలో మొట్టమొదట వేసినాడు, అది మాత్రం గమనించదగినది. 1965 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల నియమావళి తీసి చూడండి. చిన్న శిక్షల పట్టికలో మొదటిది సెన్షర్. రైల్వే ఉద్యోగులకు 1968లో వచ్చిన నియమాలలోనూ ఇంతే.

మరి మన మరాఠీ ఇరుగుపొరుగు ఏమంటారు? ఠపకా! తట్టినట్టుగా, మొట్టినట్టుగా, ఒక్క దెబ్బలో అర్థమయ్యే మాట. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాము.

సెన్షర్ ఎంత చేయగలదు, ఎంత చేయలేదు అనేదానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1919 ఏప్రిల్ 13న అమృతసర్ జలియన్‌వాలా బాగులో జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించినాడు. ప్రభుత్వం ఒప్పుకొన్న లెక్క ప్రకారమే 379 మంది చనిపోయినారు. విచారణ చేసిన హంటర్ సంఘం 1920లో తన నివేదికలో డయ్యర్‌ను తప్పుపట్టినది. డయ్యర్ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చినది. అంతే! ఏ న్యాయస్థానంలోనూ ఆయనను నిలబెట్టలేదు. ఆ కొంచెము కూడా ఇంగ్లండులో చాలామందికి మింగుడుపడలేదు. 1920 జులైలో కామన్సు సభ ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించినది గాని, ప్రభువుల సభ 129 ఓట్లకు 86 ఓట్లతో, డయ్యర్‌కు అన్యాయం జరిగినదని తీర్మానించినది! అనగా తప్పుపట్టినవారినే తిరిగి తప్పుపట్టినది. ఒక పత్రిక చందాలు పోగుచేసి ఆయనకు ఇరవైయారు వేల పౌండ్లు ముట్టజెప్పినది.

చేసిన పనికీ వేసిన మాటకూ పొంతన లేనప్పుడు ఆ మాటే ఒక అవమానమవుతుంది. అది చేసినవాడికి కాదు, చచ్చినవారి కుటుంబాలకు. రవీంద్రనాథ టాగూరు అంతకు ముందే, 1919 మే నెల చివరలో, తన సర్ బిరుదును వదులుకొంటూ వైస్రాయికి లేఖ వ్రాసినారు. ఏ అధికారమూ లేని ఒక కవి చేసిన పని అది. మా దృష్టిలో ఆ వ్యవహారం మొత్తంలో సెన్షర్ అనదగినది ఆ లేఖ ఒక్కటే.

అమెరికా సంగతి క్లుప్తంగా చెబుతాము. 1834లో అక్కడి సెనేటు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను 26 ఓట్లకు 20 ఓట్లతో అభిశంసించినది. పదవి పోలేదు. కాని జాక్సన్ పక్షంవారు ఊరుకోక, సభలో తమ బలం పెరిగిన తరువాత 1837 జనవరిలో పాత దస్త్రం తెప్పించి, ఆ తీర్మానం చుట్టూ నల్లగీతలు గీయించి, కొట్టివేయడమైనది అని దాని మీద వ్రాయించినారు. చేతిలో ఏ శిక్షా లేని కాగితమే గదా, అంత పట్టింపు ఎందుకు? పట్టింపే! 1954 డిసెంబరు 2న అదే సెనేటు జోసెఫ్ మెకార్తీని 67 ఓట్లకు 22 ఓట్లతో తప్పుపట్టినది. తీర్మానంలో సెన్షర్ అన్న మాట కాక కండెమ్ అన్న మాట పడినదని ఆయన మనుషులు అప్పట్లో పేచీ పెట్టినారు. మాటల్లో తేడా ఎంతైనా, ఆ తరువాత ఆయన మాటకు విలువ లేకుండా పోయినది.

మన లోక్‌సభలో అభిశంసన తీర్మానం వేరు, అవిశ్వాస తీర్మానం వేరు. వార్తలు చదివే పిల్లలు గుర్తుంచుకోవలెను. అభిశంసనకు కారణాలు చెప్పవలెను, ఒక్క మంత్రి మీద కూడా పెట్టవచ్చును, నెగ్గినా ప్రభుత్వం దిగిపోవలసిన పని లేదు. అవిశ్వాసానికి కారణం చెప్పనక్కరలేదు, అది మంత్రివర్గం మొత్తం మీద పెట్టేది, నెగ్గితే దిగవలసిందే. లోక్‌సభలో మొదటి అవిశ్వాస తీర్మానం 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ తెచ్చినది. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చినవి.

ఇక మా సంగతి.

మేము 1971లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చిన్న గుమాస్తాగా చేరినాము. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిమి మేమే. నాయన పవర్‌లూములో రాత్రిపాళీ చేసేవాడు. 1974లో చనిపోయిన ఒక బంట్రోతు భార్యకు రావలసిన కుటుంబ పింఛను కాగితాలు మా బల్ల మీదికి వచ్చినవి. వాటిని మేము పొరపాటున వేరే కట్టలో పెట్టి తాడు కట్టినాము. ఐదు నెలలు అవి ఆ కట్టలోనే ఉన్నవి. తప్పు మాదే. అందులో సందేహం లేదు.

ఒకనాడు మాకు రెండు పుటల మెమో ఇచ్చినారు. పది రోజులలో సమాధానం వ్రాసుకోవచ్చునని అందులో ఉన్నది. ఉన్నదని తరువాత తెలిసినది. ఆనాడు ఆ ఇంగ్లీషు చూసి మాకు చెమటలు పట్టినవి. పక్క బల్ల పెద్దాయన, "ఇవన్నీ మామూలే, సంతకం పెట్టి తీసుకో" అన్నాడు. తీసుకొన్నాము. మడిచి జేబులో పెట్టుకొన్నాము. ఇంట్లో శంకరనారాయణగారి నిఘంటువు ఉండికూడా తీసి చూడలేదు. చూస్తే నిజమవుతుందేమోనన్న భయం! పది రోజులు గడిచినవి. ఆ తరువాత ఒకే పుట ఉత్తరువు వచ్చినది. అందులో సెన్షర్ అన్న మాట ఉన్నది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. నాయన ఆ కాగితం పట్టుకొని చహా దుకాణానికి పోయినాడు. అక్కడ ఒకాయన అది చూసి, "సెన్సార్ అంటే కత్తెర గదా, జీతం కోస్తారు, లేకుంటే నౌకరీయే కోస్తారు" అన్నాడట. మరొకాయన, "కాదు, సెన్సస్. పల్లెలకు తోలి తలలు లెక్కపెట్టిస్తారు" అన్నాడట. నాయన తిరిగి వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆ రాత్రి పాళీకి పోలేదు. మేమెరిగినంతలో జ్వరం లేకుండా ఆయన పని మానినది ఆ ఒక్క రాత్రే.

అమ్మ మాత్రం, "అసలు ఏం రాసిండ్రో నువ్వే తెలుగుల చెప్పు బిడ్డా" అన్నది. నిఘంటువు తీసి, నియమావళిలో ఏముందో తెలిసిన ఒక స్నేహితుని అడిగి వచ్చి, చెప్పినాము. జీతం కోయరు, ఉద్యోగం పోదు, తప్పు చేసినావని కాగితం మీద వ్రాసి సర్వీసు రిజిస్టరులో పెడతారు, అంతే అన్నాము.

"ఓ, ఠపకానా!" అన్నది అమ్మ. "మిల్లుల జాబరు మీ నాయనకు ఎన్నిసార్లు పెట్టలేదు!"

నాయన నవ్వలేదు. అన్నం తిన్నంతసేపూ ఏమీ అనలేదు. చేయి కడుక్కొని వచ్చి ఒకే ఒక్క మాట అడిగినాడు. "ఆ ముసలమ్మకు పించిని అందిందా?"

మాకు తెలియదు! మెమో వచ్చిన నాటి నుంచి మా ఉద్యోగం, మా పేరు, మా రిజిస్టరు, వీటి గురించే తప్ప ఆమె గురించి మేము ఒక్కసారైనా ఆలోచించలేదు. తెలియదన్నాము. నాయన తువ్వాలు దులుపుకొని పడుకొన్నాడు.

మరునాడు కార్యాలయంలో వెతికితే, పింఛను మంజూరు ఉత్తరం మూడు వారాల క్రితమే పోయి, చిరునామాలో మనిషి లేదని తిరిగి వచ్చి ఉన్నది. దానిని ఎవరూ విప్పలేదు. ఆదివారం నాడు సైకిలు మీద పోయి, పాత ఇంటి పక్కవారిని అడిగి, ఆమె తమ్ముని ఇల్లు పట్టుకొన్నాము. ఉత్తరం చదివి వినిపించి, ఎక్కడికి రావలెనో, ఏమి తేవలెనో మరాఠీలో చెప్పినాము. ఆలస్యం మా వల్లనే జరిగినదని కూడా చెప్పినాము. ఆమె కాసేపు మా ముఖం చూసి, లోపలికి పోయి, గిన్నెలో బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టినది. తిట్టి ఉంటే బాగుండునని అనిపించినది. ఇంటికి వచ్చి నాయనకు చెబితే, "మంచిది" అన్నాడు. ఆ రాత్రి పాళీకి పోయినాడు.

మేము 2010లో పదవీ విరమణ చేసిన రోజులలో, పింఛను కాగితాలు తయారుచేసే కుర్రవాడు మా సర్వీసు రిజిస్టరు తిరగవేస్తూ ఆ పుట దగ్గర ఆగి, "ఇదేమిటి సార్, మీకు కూడానా?" అన్నాడు. జాక్సన్‌కు గీసినట్టు దానికి నల్లగీతలు ఎవరూ గీయలేదు.

ఉద్యోగాలలో ఉన్న మన పిల్లలకు రెండు మూడు ముక్కలు చెప్పి ముగిస్తాము. వార్నింగు వేరు, సెన్షర్ వేరు. వార్నింగు నియమావళిలోని శిక్షల పట్టికలో లేదు. సెన్షర్ శిక్షే. కాబట్టి అది వేసే ముందు మీ మీద ఆరోపణ ఏమిటో వ్రాసి ఇచ్చి, మీ సమాధానం తీసుకొని తీరవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వేసిన తరువాత కూడా నలభైయైదు రోజులలోగా పైవారికి అప్పీలు పెట్టుకొనే హక్కు ఉన్నది. తప్పు మీది కాకపోతే కాదని వ్రాయండి. మీదైతే, ఏమి జరిగినదో, దానిని సరిచేయడానికి ఏమి చేసినారో వ్రాయండి. ఊరికే సంతకం పెట్టి జేబులో పెట్టుకోవద్దు.

అర్థం కాని కాగితం ఎవరికి వచ్చినా, ఆదివారం ఉదయం పూట మేము సంఘం పఠనాలయంలోనే ఉంటాము. ఇంగ్లీషుదైనా, మరాఠీదైనా కూర్చొని చదువుకొందాము. కాగితం వచ్చిన వారమే తీసుకొని రండి, పదవ రోజు సాయంకాలం కాదు. ఇక భోజనాలకు లేవండి, పులిహోర చల్లారిపోతున్నది.